ఎముకలోని ఉక్కుకు మందు పూత

కడపకు ఉత్తరాన, పెన్నా నది ఒడ్డున చెన్నూరు ఉన్నది. వేసవిలో పెన్న చాలాచోట్ల ఇసుకగానే కనిపిస్తుంది. మడుగులలో మాత్రం కొంత నీరు నిలిచి ఉంటుంది. అటువంటి మడుగులో దోసిలి పట్టి చూస్తే నీరు తేటగానే ఉంటుంది. కాని ఆ నీటిలో కొన్నాళ్లుగా మునిగి ఉన్న రాతిమీద కాలు మోపితే సర్రున జారుతుంది. రాతిని పట్టుకొని పాచి ఉన్నది. పైన ఎన్ని నీళ్లు కుమ్మరించినా ఈ పాచి పోదు. పీచుతోనో ఇటుకముక్కతోనో గట్టిగా రుద్దితే గాని వదలదు. రుద్ది శుభ్రం చేసిన రాయినైనా మరల నీటిలో వదిలితే కొద్ది దినాలకే తిరిగి పాచి పడుతుంది.

నీటిలో కనిపించనిది రాతిమీదికి ఎక్కడినుంచి వచ్చినది? అది నీటిలోనూ ఉన్నది. కాని అక్కడ ఒక్కొక్క జీవి విడివిడిగా తేలుతూ ఉండటంచేత కంటికి ఆనదు. నిలవడానికి గట్టి వస్తువు దొరకగానే అది అక్కడ అంటుకొని, సంతతిని పెంచుకొని, జిగురును స్రవించి, ఒక కాపురం ఏర్పరచుకొన్నది. ఏటిలోని రాతికి దీనివల్ల నష్టమేమీ లేదు. ఇదే పని మనిషి ఎముకలో బిగించిన ఉక్కుమీద జరిగితే మాత్రం కాలు పోవచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవచ్చును. ఈ ప్రమాదాన్ని ముందుగానే అడ్డుకోవడానికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయాలలో ఒకటి, శరీరంలో పెట్టే పరికరానికే మందు పూయడం. ఆ పూతలో వాడే మందులలో ఒకదాని వంశవృక్షాన్ని పైకి వెతుక్కుంటూ పోతే తెలుగువాడైన ఒక శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకే చేరుకొంటాము.

శరీరంలో పరాయి వస్తువు

చెన్నూరు మీదుగా కడప నుంచి కర్నూలుకు పోయే రహదారిలో ఒక రైతు మోటారు సైకిలు నుంచి పడి మోకాలి కింది ఎముక విరిగినదని అనుకొందాం. ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినది. గాయంలో మట్టి పడినది. వైద్యులు గాయాన్ని కడిగి, విరిగిన ఎముకను సరిచేసి, దాని లోపలి గొట్టంలో ఒక పొడుగాటి రాడ్డు వేస్తారు. కొన్ని నెలలకు ఎముక అతుకుకొంటుంది. రైతు మళ్లీ పొలానికి వెళతాడు. అధికభాగం రోగులలో జరిగేది ఇదే.

కొందరిలో మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. కుట్లు మానిన చోటనే వాపు, ఎరుపు, నొప్పి కనిపిస్తాయి. సన్నని రంధ్రం పడి చీము కారుతుంది. మందు వాడినన్ని రోజులు తగ్గి, మానగానే తిరగబెడుతుంది. తుదకు లోపల వేసిన రాడ్డును తీసివేసి, చెడిన ఎముకను గీకి, మరల మొదటినుంచి వైద్యం చేయవలసి వస్తుంది. అన్ని జాగ్రత్తలు తీసుకొన్నా, మోకాలి కీలు, తుంటి కీలు మార్చే శస్త్రచికిత్సలలో వందకు ఒకరిద్దరికి ఈ ఆపద వస్తుంది. చర్మం చీలి మట్టి పడిన విరుగుళ్లలో ఇంకా ఎక్కువమందికి వస్తుంది. ఆ వ్యక్తికి అది రెండవ శస్త్రచికిత్స, మరికొన్ని నెలల పడక, ఇంటికి మరొక అప్పు.

ఇందుకు కారణమైన సూక్ష్మజీవులు ఎక్కడివో దూరపువి కావు. మనిషి చర్మంమీద, ముక్కులో ఎప్పుడూ నివసించే స్టాఫిలోకాకస్ జాతివే వీటిలో ఎక్కువ. అడ్డుకొలత ఒక మిల్లీమీటరులో సుమారు వెయ్యవ వంతు. ద్రాక్షగుత్తివలె గుంపులు కట్టి ఉంటాయి. వీటిలో ఒక రకం గాజుపళ్లెంలో పెరిగినప్పుడు బంగారు వన్నెతో కనిపించడంచేత దానికి ‘ఆరియస్’ అని పేరు వచ్చినది. లాటిను భాషలో ఆ మాటకు బంగారు రంగు గలది అని అర్థం. మరొక రకం ‘ఎపిడెర్మిడిస్’. చర్మంమీద ఉన్నంతకాలం ఇది ఎవరికీ కీడు చేయని సాధుజంతువు. అటువంటిది శరీరంలో ఒక పరాయి వస్తువు దొరకగానే శత్రువుగా మారుతుంది.

పరాయి వస్తువు ఉండటంవల్ల ఎంత భేదం వస్తుందో 1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చి చూపినారు. తామై ముందుకు వచ్చిన వ్యక్తుల చర్మంలోనికి లెక్క కట్టిన స్టాఫిలోకాకస్‌లను ఎక్కించి చూచినారు. చీముగడ్డ ఏర్పడటానికి పది లక్షలకు పైగా సూక్ష్మజీవులు కావలసి వచ్చినవి. అంతకు తక్కువైతే శరీరమే వాటిని చంపివేసినది. తరువాత అదేచోట ఒక పట్టుదారపు కుట్టు వేసి చూచినారు. ఇప్పుడు కొన్ని వందల సూక్ష్మజీవులే చాలినవి. చిన్న దారపుపోగు శరీరంయొక్క రక్షణశక్తిని వేలరెట్లు తగ్గించివేసినది. దారానికే ఇంత ఉంటే అడుగు పొడుగు ఉక్కు రాడ్డు సంగతి చెప్పనక్కరలేదు.

ముందు వచ్చినవారిదే చోటు

లోహమో ప్లాస్టిక్కో శరీరంలో ప్రవేశించిన క్షణంలోనే రక్తంలోని ప్రోటీనులు దానిమీద పలుచని పొరగా అంటుకొంటాయి. ఈ పొర ఎవరికైనా ఆసనమే. శరీరంలోని కణాలు వచ్చి దానిమీద కూర్చుంటే పరికరం క్రమంగా ఎముకతో, కండతో కలిసిపోతుంది. సూక్ష్మజీవులు ముందు వచ్చి కూర్చుంటే అది వాటి స్థావరమవుతుంది. అమెరికా శస్త్రవైద్యుడు గ్రిస్టీనా 1987లో దీనిని ఉపరితలం కోసం జరిగే పరుగు పందెమని వర్ణించినాడు. ఈ పందెంలో మొదటి కొన్ని గంటలే కీలకం.

పందెంలో గెలిచిన సూక్ష్మజీవులు చేసే పని ఏటి రాతిమీద చూచినదే. మొదట అంటుకొంటాయి, రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా పెరుగుతాయి, తమ చుట్టూ జిగురును కమ్ముకొంటాయి. ఈ జిగురు పొరను శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. జీవపు పొర అని దీని అర్థం. తెలుగులో పాచి అన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది. తెల్లవారి లేవగానే పండ్లమీద నాలుకకు తగిలే పాచి కూడా ఇదే. మూడు వందల ఏళ్లకు పూర్వం సూక్ష్మదర్శినితో ఈ పంటిపాచినే పరీక్షించిన లీవెన్‌హుక్, వినిగరు తగిలినప్పుడు విడిగా ఉన్న జీవులు చచ్చినా, పాచి లోపల దాగినవి బ్రతికే ఉన్నవని గమనించినాడు. ఆయన చూచినదానికి పూర్తి అర్థం 20వ శతాబ్దిలో గాని తెలియలేదు. 1970ల తరువాత కాస్టర్టన్ మొదలైన వారి కృషివల్ల సూక్ష్మజీవులకు విడిగా తేలడంకంటె పాచిలో కాపురముండటమే సహజమని స్థిరపడినది.

పాచిలోని సూక్ష్మజీవిని చంపడం ఎందుకు కష్టం? ఇందుకు మూడు కారణాలు ఉన్నవి. మొదటిది, రక్తంలోని తెల్లకణాలు విడిగా ఉన్న సూక్ష్మజీవిని మింగగలవు గాని, జిగురులో కూరుకొన్న గుంపును మింగలేవు. రెండవది, జిగురు మందును ఆలస్యం చేస్తుంది; కొన్ని మందులను పట్టి ఉంచుతుంది. మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. పాచి అడుగున ఆహారం, ఆమ్లజని తక్కువ. అక్కడి జీవులు పెరగడం మానివేసి నిద్రావస్థలో ఉంటాయి. పెన్సిలిన్ వంటి మందులు, కణం పెరుగుతూ కొత్త గోడ కట్టుకొనే సమయంలోనే దెబ్బ తీస్తాయి. గోడ కట్టనివానికి ఆ దెబ్బ తగలదు. ఇన్ని కారణాలవల్ల, విడి జీవిని చంపే మోతాదుకు వందరెట్లు, ఒక్కొక్కప్పుడు వెయ్యిరెట్లు మందు పోసినా పాచిలోని జీవి బ్రతకవచ్చును. అంత మందు రోగికి ఇస్తే ముందు చెడేవి అతని మూత్రపిండాలే. అందుచేతనే పాచి పట్టిన రాడ్డును తరచుగా తీసివేయక తప్పదు.

పాచి పట్టిన తరువాత తీయడంకంటె పట్టకుండా చూడటం సులభం. ఈ చికిత్సాపద్ధతికి మూలసూత్రం ఇదే.

చెట్టు మొదట్లో నీరు

ఆంటిబయోటిక్ మందును సూదిద్వారా ఇస్తే అది రక్తంలో కలిసి శరీరమంతటా పంచబడుతుంది. విరిగిన ఎముక దగ్గర రక్తనాళాలు తెగి ఉంటాయి. అంటే మందు ఎక్కువగా కావలసిన చోటికే తక్కువగా చేరుతుంది. పులివెందుల ప్రాంతపు చీనీ తోటలను చూచినవారికి ఈ చిక్కు సులభంగా తెలుస్తుంది. పొలమంతా నీరు పారిస్తే చెట్టుకు అందేది కొంత, వృథా అయ్యేది అధికం. అందుకే అక్కడి రైతులు సన్నని గొట్టాలతో చెట్టు మొదట్లోనే బొట్టుబొట్టుగా నీరు వదులుతారు. పరికరానికి మందు పూయడమన్నది వైద్యంలో బిందు సేద్యమే. మందు మొత్తం కొద్దిదే అయినా పరికరం ఉపరితలం దగ్గర దాని గాఢత చాలా హెచ్చుగా ఉంటుంది. రక్తంలో మాత్రం లేశమే కనిపిస్తుంది. కాబట్టి సూక్ష్మజీవికి ప్రాణాంతకమైనది రోగికి బాధ కలిగించదు.

ఈ పద్ధతికి దారి చూపినది ఎముకల వైద్యంలో వాడే సిమెంటు. ఇది ఇళ్లకు వాడే సిమెంటు కాదు. పొడిని, ద్రవాన్ని కలిపితే కొద్ది నిమిషాలలో గట్టిపడే ఒక ప్లాస్టిక్కు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1960ల ప్రారంభంలో కృత్రిమ తుంటి కీలును ఎముకలో నిలబెట్టడానికి దీనిని వాడి విజయం సాధించినాడు. ఆ శస్త్రచికిత్సలకు మొదట సూక్ష్మజీవుల బెడద ఎక్కువగా ఉండేది. చార్న్‌లీ గదిలోని గాలిని వడకట్టి, వైద్యుల దుస్తులను మార్చి, ఆ బెడదను నూటికి సుమారు 7 నుంచి ఒకటికంటె తక్కువకు దించినాడు.

జర్మనీలోని హాంబర్గులో బుక్‌హోల్జ్ మరొక దారి తొక్కినాడు. సిమెంటు పొడిలోనే ఆంటిబయోటిక్‌ను కలిపి చూచినాడు. 1970లో ఎంగెల్‌బ్రెక్ట్‌తో కలిసి ఆ ఫలితాలను ప్రకటించినాడు. ఏ మందైనా ఇందుకు పనికిరాదు. సిమెంటు గట్టిపడేటప్పుడు చాలా వేడి పుడుతుంది. ఆ వేడికి చెడిపోని మందు కావాలి. నీటిలో కరగాలి; లేనిచో బయటికి రాదు. పలు జాతుల సూక్ష్మజీవులను చంపగలగాలి. ఈ పరీక్షలన్నిటికి నిలిచినది జెంటామైసిన్. నేటికి కూడా ఎముకల సిమెంటులో ఎక్కువగా వాడే మందులలో ఇది ఒకటి.

సిమెంటునుంచి మందు ఎట్లా వెలువడుతుంది? సిమెంటు పైపొరలో, సన్నని రంధ్రాలలో ఉన్న మందు మొదటి గంటలలో, మొదటి దినాలలో వరదగా బయటికి వస్తుంది. తరువాత వారాల తరబడి, నెలల తరబడి అతి సన్నని ధారగా ఊరుతుంది. లోపల చిక్కుకొన్న అధికభాగం ఎన్నటికీ రాదు. మొదటి వరద మేలు చేసేది. పరుగు పందెంలో కీలకమైన గంటలు అవే. తరువాతి సన్నని ధార సంగతి వేరు. దాని చిక్కు ముందు తెలుస్తుంది.

సిమెంటు లేకుండా ఎముకలో వేసే రాడ్లకు తరువాతి కాలంలో వేరొక పద్ధతి వచ్చినది. శరీరంలో క్రమంగా కరిగిపోయే ఒక ప్లాస్టిక్కులో జెంటామైసిన్ కలిపి రాడ్డుమీద పలుచగా పూస్తారు. పూత కరిగిపోతుంది, మందు పని ముగుస్తుంది, రాడ్డు మాత్రం మిగులుతుంది.

భీమవరంలో పుట్టి

ఇప్పుడు ఆ తెలుగు శాస్త్రజ్ఞుని ప్రయోగశాలకు పోదాం. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించినాడు. మద్రాసులో వైద్యం చదివి, 1922లో అమెరికాలోని బోస్టను చేరినాడు. హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనిపెట్టినాడు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను లోకానికి తెలిపినాడు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే చోట ఉన్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి అక్కడ పరిశోధనలకు నాయకుడయినాడు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలుకు మందు, రక్తపు కాన్సరుకు మొదటి మందులు ఆయన నాయకత్వంలో వెలువడినవే.

అదే ప్రయోగశాలలో సుబ్బారావు మట్టిలోని సూక్ష్మజీవులనుంచి కొత్త ఆంటిబయోటిక్‌ల కోసం పెద్ద ఎత్తున వెదుకులాట నడిపించినాడు. అందుకు తోడుగా వచ్చినవాడు డుగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేసి, డెబ్బదేళ్ల వయస్సులో విరమించి, ఇంట కూర్చోక లెడర్లేలో చేరినాడు. ఎన్నో చోట్లనుంచి మట్టి తెప్పించి పరీక్షించినారు. మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు రంగుగల ఒక సూక్ష్మజీవి దొరికినది. దానికి స్ట్రెప్టోమైసెస్ ఆరియోఫేసియెన్స్ అని, అది ఇచ్చిన మందుకు ఆరియోమైసిన్ అని పేర్లు పెట్టినారు. బంగారు రంగు స్టాఫిలోకాకస్‌కు, బంగారు రంగు మందు! 1948 జూలైలో ఈ మందును లోకానికి ప్రకటించినారు. కొద్ది వారాలకే, ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే మరణించినాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆయన పేరుమీదనే ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసెస్ అని తరువాత నామకరణం చేసినారు.

ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్‌లు అనే మందుల కుటుంబం ప్రారంభమయినది. దాని అణువులో నాలుగు వలయాలు వరుసగా అతుకుకొని ఉంటాయి. ‘టెట్రా’ అంటే నాలుగు. ఆ వలయాలకు అంటి ఉన్న చిన్న భాగాలను తీసి, మార్చి, రసాయన శాస్త్రజ్ఞులు కొత్త మందులను పుట్టించినారు. ఆ వరుసలో 1960లలో లెడర్లేలోనే తయారయినది మినోసైక్లిన్. దీనికి కావలసిన మూలపదార్థాన్ని ఇచ్చినది కూడా ఆ బంగారు సూక్ష్మజీవియొక్క మార్పు చెందిన సంతతియే. మినోసైక్లిన్ కొవ్వుపదార్థాలలోనికి సులభంగా చొచ్చుకొని పోతుంది. కొన్ని పాత టెట్రాసైక్లిన్‌లకు లొంగని స్టాఫిలోకాకస్‌లు కూడా దీనికి లొంగుతాయి.

రెండు మందులు ఎందుకు?

1990లలో అమెరికాలోని హ్యూస్టనులో రాద్, దరూషీ అనే వైద్యులు, పెద్ద రక్తనాళంలో పెట్టే ప్లాస్టిక్కు గొట్టాలకు మందు పట్టించే పనికి పూనుకొన్నారు. తీవ్రవ్యాధిలో ఉన్నవారికి మెడలోని రక్తనాళంలో ఇటువంటి గొట్టాన్ని దినాల తరబడి ఉంచవలసి వస్తుంది. దానిమీద పాచి పడితే సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోనికే దిగుతాయి. ఆ వైద్యులు ఎన్నుకొన్నవి రెండు మందులు: ఒకటి మినోసైక్లిన్, రెండవది క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్. ఇటలీ శాస్త్రజ్ఞులు 1957లో ఫ్రాన్సు దక్షిణ తీరపు మట్టినుంచి తీసిన ఒక పదార్థమే ఈ రిఫాంపిసిన్‌కు మూలం.

రెండు ఎందుకన్నది విద్యార్థులు లెక్క వేసి తెలుసుకోదగిన సంగతి. రిఫాంపిసిన్ పాచిలోనికి చొరబడటంలో దిట్ట. కాని దానిని ఒంటరిగా వాడితే త్వరలోనే పనికిరాకుండా పోతుంది. సుమారు కోటి స్టాఫిలోకాకస్‌లలో ఒకదానికి, పుట్టుకలో జరిగే యాదృచ్ఛికపు మార్పువల్ల, ఆ మందు తగలకుండా ఉండే శక్తి ఉంటుంది. తక్కినవన్నీ చచ్చి ఆ ఒక్కటి మిగిలితే, తెల్లవారేసరికి దాని సంతతి ఆ స్థలమంతా నిండుతుంది. రెండవ మందు పూర్తిగా వేరొకచోట దెబ్బ తీసేదయితే రెండింటినీ తప్పించుకొనే జీవి కోటి కోట్లలో ఒకటి, అనగా ఒకటి పక్కన పద్నాలుగు సున్నలు పెట్టినన్ని జీవులలో ఒకటి ఉండవచ్చును. అన్ని సూక్ష్మజీవులు ఒక గాయంలో ఉండవు. రిఫాంపిసిన్, కణం తన జన్యువులను చదివి ప్రతి తీసుకొనే పనిని ఆపుతుంది. మినోసైక్లిన్, ఆ ప్రతిని చూచి ప్రోటీను కట్టే పనిని ఆపుతుంది. ఒకదాని దెబ్బ వ్రాయసకానిమీద, మరొకదాని దెబ్బ తాపీపనివానిమీద.

ఫలితాలు

మందు పూత బాగున్నదని ఊహించడం వేరు; రోగులలో సరిపోల్చి తేల్చడం వేరు. ఎవరికి ఏ పరికరం పెట్టాలన్నది చీటీ వేసినట్లుగా నిర్ణయించి, రెండు గుంపుల ఫలితాలను లెక్కించాలి. అటువంటి మూడు పరీక్షలు ఇక్కడ చెప్పదగినవి.

మొదటిది 1999లో వెలువడినది. ఈ రెండు మందుల పూతగల గొట్టాలను, వెండి మందు, క్లోర్‌హెక్సిడిన్ పూసిన గొట్టాలతో పోల్చినారు. రక్తంలోనికి సూక్ష్మజీవులు దిగినవి వెండి పూత గొట్టాలు 382లో 13 మందికి. రెండు మందుల పూత గొట్టాలు 356లో ఒక్కరికి.

రెండవది మెదడులో నీరు చేరే వ్యాధికి సంబంధించినది. ఆ నీటిని కడుపులోనికి మళ్లించడానికి చర్మం కింద సన్నని గొట్టం వేస్తారు. ఈ రోగులలో పసిబిడ్డలు కూడా ఉంటారు. గొట్టానికి పాచి పడితే మెదడుకే ముప్పు. బ్రిటన్‌, ఐర్లాండులలో జరిగి 2019లో వెలువడిన పరీక్షలో, పూతలేని గొట్టాలు పెట్టిన 533 మందిలో 32 మందికి, వెండి గొట్టాలు పెట్టిన 526 మందిలో 31 మందికి సూక్ష్మజీవులు సోకి గొట్టం మార్చవలసి వచ్చినది. రిఫాంపిసిన్, క్లిండామైసిన్ అనే మందులు పట్టించిన గొట్టాలు పెట్టిన 535 మందిలో 12 మందికే ఆ అవస్థ కలిగినది. వెండి ఇక్కడ ఉపకరించలేదన్న సంగతి కూడా గమనింపదగినది. అన్ని పూతలూ ఒకటి కావు.

మూడవది గుండెకు అమర్చే పేస్‌మేకరు వంటి పరికరాలది. మినోసైక్లిన్, రిఫాంపిసిన్ పట్టించిన ఒక వలసంచిలో పరికరాన్ని ఉంచి చర్మం కింద అమరుస్తారు. మందు కనీసం వారం రోజులు వెలువడుతుంది. సంచి సుమారు తొమ్మిది వారాలలో కరిగిపోతుంది. 2019లోనే వెలువడిన ఈ పరీక్షలో 6,983 మంది రోగులు ఉన్నారు. సంవత్సరం లోపల పెద్ద సంక్రమణం కలిగినది సంచి లేనివారిలో 42 మందికి, అనగా నూటికి 1.2, సంచి ఉన్నవారిలో 25 మందికి, అనగా నూటికి 0.7. నూటికి 40 వంతులు తగ్గినదని ఈ ఫలితాన్ని చెప్పవచ్చును. ఒక్కరిని కాపాడటానికి సుమారు 200 మందికి సంచి వేయవలసి ఉన్నదని కూడా చెప్పవచ్చును. రెండు మాటలూ నిజమే. ఖరీదైన పూతను అందరికీ వాడాలా, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికే వాడాలా అన్న నిర్ణయానికి రెండవ లెక్కయే ఎక్కువ తోడ్పడుతుంది.

పూత చేయలేనివి

మందు పూత మంత్రకవచం కాదు. ముందు చెప్పిన సన్నని ధారను ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకోవాలి. సూక్ష్మజీవిని చంపడానికి చాలనంత కొద్ది మందు చిరకాలం ఊరుతూ ఉంటే అది శత్రువుకు వ్యాయామం చేయించినట్లే. బలహీనమైనవి పోయి, మందుకు తట్టుకొనేవి మిగులుతాయి. జెంటామైసిన్ సిమెంటుమీదనే జెంటామైసిన్‌కు లొంగని సూక్ష్మజీవులు పెరగడం వైద్యులు చూచినారు. కాబట్టి మంచి పూత ప్రారంభంలో దండిగా ఇచ్చి, పని ముగియగానే పూర్తిగా ఆగిపోవాలి. కరిగిపోయే పూతలమీద శాస్త్రజ్ఞులకు ఆసక్తి కలగడానికి ఇది ఒక కారణం. ఆంటిబయోటిక్ లేకుండానే, సూక్ష్మజీవి అంటుకోవడానికి వీలులేని ఉపరితలాలను తయారుచేయడానికి కూడా ప్రయత్నాలు జరుగుతున్నవి.

మరొక పరిమితి ఉన్నది. ఒక్కొక్క మందుకు లొంగే జాతులు ఒక్కొక్కటి. స్టాఫిలోకాకస్‌ను ఉద్దేశించిన పూత మూత్రనాళపు గొట్టంమీద పెరిగే వేరొక జాతిని ఆపకపోవచ్చును. పైగా, శస్త్రచికిత్స జరిగిన సంవత్సరాల తరువాత పుచ్చిపండు నుంచో, కాలిపుండు నుంచో రక్తంలో దిగిన సూక్ష్మజీవులు పాత కృత్రిమ కీలును చేరవచ్చును. అప్పటికి పూత ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

అందుచేత పూత చివరి కాపలా మాత్రమే. దానికి ముందు నిలిచే కాపలాలు చవకయినవి. శస్త్రవైద్యుని శుభ్రమైన చేతులు, ఆవిరితో శుద్ధి చేసిన పనిముట్లు, కోతకు ముందు గంటలోపల ఇచ్చే ఆంటిబయోటిక్ సూది, మధుమేహం అదుపులో ఉండటం, మట్టి పడిన గాయాన్ని ఆలస్యం చేయకుండా కడగడం — వీటిలో ఏది లోపించినా పూత ఆ లోటును పూర్తిగా తీర్చలేదు. చార్న్‌లీ వడకట్టిన గాలితోనే ఎంత సాధించినాడో మరవరాదు. రోగి చేయవలసినదీ ఉన్నది. జలుబుకో జ్వరానికో అంగడిలో అడిగి ఆంటిబయోటిక్ మాత్రలు మింగే అలవాటువల్ల, రేపు తన ఎముకకు కాపలా ఉండవలసిన మందునే మనిషి ఈనాడు మొద్దుబారుస్తున్నాడు.

బడిలో చేయదగిన పరిశీలన

ఈ విషయంలోని రెండు ముఖ్యసూత్రాలను ఉన్నత పాఠశాలలో కొద్ది ఖర్చుతో చూపించవచ్చును.

మొదటిది పాచి. రెండు గాజుపలకలను సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ఒకదానిని కాలువ నీరో చెరువు నీరో పోసిన సీసాలో నిలబెట్టి, వారం రోజులు నీడలో ఉంచండి. రెండవదానిని పొడిగా దాచండి. వారం తరువాత మొదటి పలకను తీసి, మెల్లగా నీటిలో ముంచి తీసి, రెండింటిమీద జెన్షియన్ వయొలెట్ ద్రావణం రెండేసి చుక్కలు వేసి, ఒక నిమిషం ఆగి కడగండి. శుభ్రమైన పలకమీద రంగు నిలవదు. నీటిలో ఉన్న పలకమీద ఊదా మచ్చలు నిలుస్తాయి. అదే పాచి. సూక్ష్మదర్శిని ఉంటే గుంపులు గుంపులుగా ఉన్న జీవులను చూడవచ్చును. పని కాగానే పలకలను బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటిలో నానబెట్టి, చేతులను సబ్బుతో కడుక్కోవాలి. పుండ్లనుంచి, చీమునుంచి తీసిన పదార్థంతో ఈ పరీక్షను ఎన్నడూ చేయరాదు.

రెండవది మందు వెలువడే తీరు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పొడిలో నీటితోపాటు ఒక చెంచా ఎర్రసిరా కలిపి గోలీకాయంత ఉండలు చేసి ఆరనివ్వండి. ఒక ఉండను గాజుగ్లాసు నీటిలో వేయండి. మరునాడు ఆ నీటిని వేరొక గ్లాసులో పోసి ఉంచి, ఉండకు కొత్తనీరు పోయండి. ఇట్లా వారం రోజులు చేసి ఏడు గ్లాసులను వరుసగా పెడితే, మొదటి గ్లాసులోని ఎరుపు ఎక్కువగాను, తరువాతివి క్రమంగా తక్కువగాను కనిపిస్తాయి. చివరన ఉండను పగులగొట్టి చూస్తే లోపల రంగు ఇంకా మిగిలి ఉన్నదేమో తెలుస్తుంది. సిమెంటులో మందు కలిపిన బుక్‌హోల్జ్ ఎదుర్కొన్న ప్రశ్న సరిగా ఇదే: ఎంత వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది, ఎంత లోపలే ఉండిపోతుంది?

చెన్నూరు మడుగులోని రాతికి పాచి పట్టకుండా ఆపడం ఎవరివల్లా కాదు. ఆపవలసిన అవసరమూ లేదు. విరిగిన కాలిలోని ఉక్కుకు మాత్రం మొదటి కొన్ని దినాలు కాపలా ఉంటే చాలు. ఆ వ్యవధిలో శరీరంలోని కణాలు వచ్చి తమ చోటు తాము ఆక్రమించుకొంటాయి. ఆ తరువాత రైతు తన కాళ్లమీద తాను నడిచి పొలానికి పోగలుగుతాడు.